సీసా మూత తీసే ముందు

కోనసీమలో ఎవరికైనా మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయి అరుగు మీద కూలబడితే చుట్టూ చేరినవాళ్లు ముందు నోట్లో కాసిని నీళ్లో సోడానో పోస్తారు. తర్వాత పావురం నెత్తురు కోసం మనిషిని పంపుతారు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే నర్సాపురం పంటు కోసం ఆగిన ఆటోలోనూ పక్కనున్నావిడ సీసా మూత తీస్తుంది. ప్రేమే, కాదనం. కానీ పక్షవాతంలో చాలామందికి మింగే శక్తి కూడా పోతుంది. ఆ గుక్క ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. నాలుగు రోజులకు 'నిమ్ము (న్యుమోనియా) చేసింది' అంటారు.

తప్పంతా ఆ గుక్కదే కాదు. మెదడుకు దెబ్బ తగలగానే సింపథెటిక్ నాడీ వ్యవస్థ, అంటే కాలి దగ్గర పాము కనబడ్డప్పుడు గుండెను దడదడలాడించేది, చెలరేగిపోతుంది. అడ్రినలిన్ పొంగుతుంది, బీపీ ఎగబాకుతుంది, ఒక్కోసారి గుండె లయ తప్పుతుంది. అంతటితో ఆగకుండా రోగనిరోధక కణాలనూ అణిచేస్తుంది. 2003లో బెర్లిన్ పరిశోధకులు చిట్టెలుకల్లో ఈ సంగతి చూపించారు. ఆ నరాల జోరును తగ్గించే ప్రొప్రనొలాల్ అనే మందు ఇస్తే వాటికి ఇన్ఫెక్షన్లూ తగ్గాయి, చావులూ తగ్గాయి.

ఎలుకకు పనిచేసింది కదా అని మనిషికి ఇచ్చేయలేం. పోనీ, ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇస్తే? 2015లో నెదర్లాండ్స్‌లో 2,500 మందికి పైగా రోగులపై యాంటీబయాటిక్ సెఫ్ట్రియాక్సోన్‌ను పరీక్షించారు. కోలుకోవడంలో తేడా రాలేదు. అదే ఏడాది బ్రిటన్‌లో, మింగలేని 1,200 మందికి పైగా రోగులపై జరిగిన ఇలాంటి పరీక్షలో నిమ్మూ తగ్గలేదు. మొదటి రోజే 'ఒక సూది వేయండి డాక్టరు గారూ' అని పట్టుబట్టే బంధువులు ఇది వినాలి.

ఫలితమిచ్చింది నర్సుల పని. ఆస్ట్రేలియాలో 19 స్ట్రోక్ యూనిట్లలో, అంటే పక్షవాతం వార్డుల్లో, జరిగిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. నర్సులు జ్వరం, సుగరు, మింగుడు ఈ మూడింటినీ ఒక పద్ధతిగా చూసుకున్నచోట మూడు నెలల తర్వాత చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడ్డవాళ్లు కలిపి చూస్తే తగ్గారు.

మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ నెత్తుటి గడ్డను కరిగించే మందుకు మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. లంక ఊళ్ల నుంచి రేవు దాటి సీటీ స్కాన్ ఉన్న ఊరు చేరేసరికి అందులో ఎంత మిగులుతుందో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. కానీ వంతెనలు పడేదాకా మింగుడు పరీక్షను, అంటే రోగి మింగగలడో లేదో చూడటాన్ని, ఆపనవసరం లేదు. కాకినాడ పెద్దాసుపత్రి మొదలు అమలాపురం దాకా ప్రతి వార్డులో, నర్సు పరీక్షించి కేస్‌షీట్‌లో రాసేవరకు పక్షవాతం రోగి నోట్లో చుక్క నీరు, మాత్ర పడకూడదని వైద్య ఆరోగ్య శాఖ ఈ నెలలోనే ఉత్తర్వు ఇవ్వాలి. ఎంతమందికి నిమ్ము చేసిందో ఆ కేస్‌షీట్ల నుంచే లెక్క తీయాలి.