తీసిన లెక్క ఎక్కడ?

ఫోను చేతిలో పట్టుకుని ఒక కుర్రాడు గుమ్మం ముందు నిలబడ్డాడు. ఇంట్లో ఏం పని చేస్తారు, ఎంతమంది చేస్తారు, వారిలో జీతానికి చేసేవారెందరు, పెట్టుబడి సొంతమా అప్పా, ఎక్కడైనా నమోదు చేయించారా అని వరసగా అడిగాడు. కుట్టుమిషను ఆపి, మెడలో టేపు తీయకుండానే బయటికి వచ్చిన ఇల్లాలు ఓపికగా జవాబులు చెప్పింది. 2019 నుంచి 2021 వరకు దేశంలో కోట్లాది గడపల దగ్గర జరిగిన సంభాషణ ఇది. దేశంలోని వ్యాపారాలన్నిటినీ లెక్కపెట్టే ఏడో ఆర్థిక గణన అది. 2021 మార్చికల్లా ఇంటింటి పని ముగిసింది. ఆ లెక్క ఇంతవరకు ప్రజల ముందుకు రాలేదు.

దీన్ని ఆలస్యం అనడానికి మాకు మనసొప్పడం లేదు. ఇది దాచడం. అంతకంటే పెద్ద ప్రమాదం, ఈ దాచడం ఆనవాయితీ కావడం.

దేశంలో వ్యాపారాలు ఎన్ని, వాటిలో బతికేవారు ఎందరు అని గడప గడపా తిరిగి తీసి, బయటపెట్టిన చివరి లెక్క 2013-14 నాటి ఆరో గణనది. అప్పట్లో 5.85 కోట్ల వ్యాపారాలు, వాటిలో 13 కోట్ల పైచిలుకు మనుషులు తేలారు. ప్రతి పదింటిలో ఏడు వ్యాపారాల్లో జీతానికి పెట్టుకున్న మనిషంటూ ఎవరూ లేరు. యజమానే కూలీ, ఇంటిల్లిపాదీ సిబ్బంది. మహిళల చేతిలో ఉన్నవి 80 లక్షలు. అందులో తమిళనాడు, కేరళల తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌దేనని ఆ లెక్కే చెప్పింది. ఆ తర్వాత పెద్దనోట్ల రద్దు వచ్చింది, జీఎస్టీ వచ్చింది, కరోనా వచ్చింది. షట్టరు దించి మళ్లీ ఎత్తనివారెందరు? ఊరు మారి కొత్తగా కర్రీ పాయింట్ పెట్టుకున్నవారెందరు? ఊరూ వాడా పేరు పెట్టి చెప్పగలిగిన గణన ఒక్కటే. అది బీరువాలో ఉంది.

కొన్ని రాష్ట్రాలు ఆమోదం తెలపలేదని, పశ్చిమ బెంగాల్ అసలు పాల్గొననే లేదని, వివరాల నాణ్యతపై అనుమానాలున్నాయని ప్రభుత్వ పక్షం చెప్పే మాట. అసంఘటిత వ్యాపారాలపై ఏటా నమూనా సర్వే జరుగుతోంది కదా, చిన్న పరిశ్రమలు పేరు నమోదు చేయించుకునే ప్రభుత్వ వెబ్‌సైటు ఉద్యమ్ పోర్టల్‌లో నమోదులు ఉన్నాయి కదా అని మరో మాట.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి మెతుకు పట్టుకుంటే చాలునన్నది నిజమే. కానీ పొయ్యి మీద ఎన్ని కుండలున్నాయో, ఏ కుండ ఏ ఇంట్లో ఉందో తెలిసినవారికే ఆ మెతుకు పనికొస్తుంది. నమూనా సర్వేకు ఏ ఊళ్లో ఎన్ని వ్యాపారాలున్నాయన్న చిట్టా ముందుగా కావాలి. ఆ చిట్టా ఇచ్చేది గణనే. 2023-24 నమూనా సర్వే 7.34 కోట్ల అసంఘటిత వ్యాపారాలున్నాయని అంచనా వేసింది. మంచిదే. అది అంచనా, పైగా అందులో కంపెనీలు లేవు, నిర్మాణ రంగం లేదు. ఇక ఉద్యమ్ పోర్టల్ సంగతి. నమోదు చేయించుకున్నవారే అందులో ఉంటారు. దోసెపిండి రుబ్బి ప్యాకెట్లు కట్టే అమ్మ, చీరలకు ఫాల్స్ కుట్టే అమ్మాయి, సంక్రాంతి ముందు ఆర్డరు మీద అరిసెలు వండే వదినామరదళ్లు – వీరి ఇంటి ముందు బోర్డు ఉండదు. గుమ్మం దాకా వెళ్లి అడిగితే తప్ప వీరు వ్యాపారులని తెలియదు. అలా వెళ్లి అడిగారు, రాసుకున్నారు, తీసుకెళ్లి మూత పెట్టారు.

లెక్క లేకపోతే పరిశోధన ఏమవుతుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు, హైదరాబాద్ చాలు. చిన్న వ్యాపారాల మీద ప్రపంచం మొత్తం ఉదహరించే అధ్యయనాల్లో ఒకటి ఇక్కడి బస్తీల్లోనే జరిగింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి 2005లో మొదలుపెట్టారు. 104 బస్తీలు తీసుకుని, లాటరీ వేసి, అందులో 52 చోట్ల ఒక సూక్ష్మరుణ సంస్థ ముందుగా అప్పులిచ్చేలా చూశారు. ఆరు నుంచి పది మంది ఆడవారు ఒక జట్టు, తొలి అప్పు పదివేలు, యాభై వారాల్లో తీర్చాలి. ఏడాది పైన గడిచాక రెండు రకాల బస్తీలనూ పోల్చి చూశారు. కొత్త వ్యాపారాలు కొన్ని పుట్టాయి. లాభం కళ్లజూసింది మాత్రం అప్పటికే బాగా నడుస్తున్న బహు కొద్ది దుకాణాలు. సగటున ఇంటి ఖర్చు పెరగలేదు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవారి మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. పదివేల అప్పుతో పేదరికం పటాపంచలవుతుందని ఊదరగొట్టినవారికి అది చేదు మందు. ఈలోగా 2010 అక్టోబరులో, వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల మధ్య, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలకు కళ్లెం వేస్తూ ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆ అధ్యయనం ఫలితాలు 2015లో పూర్తి రూపంలో అచ్చయ్యాయి. బెనర్జీ, డఫ్లోలకు 2019లో నోబెల్ వచ్చింది.

అంతటి అధ్యయనంలోనూ ఒక లోపాన్ని ఆ పరిశోధకులే ఒప్పుకున్నారు. ఆ బస్తీలకు అంతకుముందు తీసిన లెక్కంటూ ఏదీ లేదు. మొదటి సర్వే హడావిడిగా చేయాల్సి వచ్చింది. ఇన్ని ఇళ్లకు ఒక ఇల్లు అని ఎంచుకుంటూ పొమ్మన్నా ఆ పద్ధతి సరిగ్గా సాగలేదు. ఆ వివరాలు బస్తీ మొత్తానికి అద్దం పడతాయన్న నమ్మకం లేదని తమ వ్యాసంలోనే రాసుకున్నారు. తుది సర్వేకు ముందు 2007లో ఇల్లిల్లూ తిరిగి సొంతంగా లెక్క తీయించుకున్నారు.

వారికి నిధులున్నాయి, తీయించుకున్నారు. వరంగల్‌లోనో అనంతపురంలోనో ఉపకార వేతనం మీద పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థి ఏం చేయాలి? తన ఊళ్లోని నేత ఇళ్ల మీదో, బొమ్మల కొలిమి మీదో, టైలరింగ్ దుకాణాల మీదో రాయాలనుకుంటే, సరైన చిట్టా లేక తెలిసిన యాభై మందిని అడిగి అదే నమూనా అని సిద్ధాంత గ్రంథం కట్టుకోవాలి. అలాంటి పుస్తకాలు విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో దుమ్ము పట్టి ఉన్నాయి. ఆ విద్యార్థులను తప్పుపట్టడం అన్యాయం. వారికి దక్కాల్సిన చిట్టాను దాచినవారిదే తప్పు.

లెక్క బయటపెడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. కొత్త ఉద్యోగాల్లో సింహభాగం చిన్న సంస్థలే సృష్టిస్తాయని అమెరికాలో 1979లో డేవిడ్ బర్చ్ అనే పరిశోధకుడు చెప్పారు. అక్కడి రాజకీయ నాయకులందరికీ అది నోటి పాట అయింది. తర్వాత అక్కడి జనగణన సంస్థ ఏటేటా సంస్థల పుట్టుక, పెరుగుదల, మూసివేతల వివరాలను ఒకచోట పేర్చి పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. వాటితోనే 2013లో హాల్టివాంగర్, జార్మిన్, మిరాండా అనే ఆర్థికవేత్తలు అసలు సంగతి తేల్చారు. ఉద్యోగాలకు ముఖ్యం సంస్థ పరిమాణం కాదు, వయసు. కొత్తగా పుట్టినవే ఉద్యోగాలిస్తాయి, వాటిలో చాలా భాగం త్వరగానే మూతపడతాయి కూడా. ముప్పై ఏళ్ల నమ్మకాన్ని సరిదిద్దింది ఎవరి వాక్చాతుర్యమూ కాదు, తెరిచిపెట్టిన లెక్క.

మన దగ్గర 2018-19 ఆర్థిక సర్వే పదేళ్లు దాటినా వందమంది కార్మికులకు చేరని సంస్థలకు మరుగుజ్జులని పేరు పెట్టింది. ఆ మాటే మాకు కష్టం కలిగించింది. ఆ వాదనకు ఆధారం నమోదైన ఫ్యాక్టరీల వివరాలు. ఫ్యాక్టరీ గోడలు లేని కోట్లాది వ్యాపారాలు ఆ వాదనలో లేనే లేవు. 2025 ఏప్రిల్ 1 నుంచి సూక్ష్మ పరిశ్రమ నిర్వచనం మారింది. పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవరు పది కోట్ల దాకా ఉన్నా సూక్ష్మమే. బండి మీద ఇడ్లీ అమ్మే మనిషీ, పది కోట్ల వ్యాపారం చేసే మిల్లు యజమానీ ఒకే గంపలో. ఈ మార్పుతో రాయితీ ఎవరికి దక్కుతుంది, ఎవరి వాటా ఎవరికి పోతుంది అన్నది జిల్లాల వారీగా చూపాలంటే గణన వివరాలు కావాలి. అవి బీరువాలో ఉండగానే గీత మార్చేశారు.

ఇది మొదటిసారి అయితే మేము ఇంత గొంతు చించుకునేవారం కాదు. 2017-18 ఉద్యోగ సర్వేను జాతీయ గణాంక సంఘం ఆమోదించినా విడుదల చేయకపోవడంతో 2019 జనవరిలో ఆ సంఘం సభ్యులిద్దరు రాజీనామా చేశారు. ఎన్నికలు ముగిశాక మే 31న గానీ అది బయటికి రాలేదు. అదే ఏడాది నవంబరులో ఇళ్లలో దేనికెంత ఖర్చు పెడుతున్నారో చెప్పే 2017-18 వినియోగ వ్యయ సర్వేను నాణ్యత బాగాలేదంటూ పక్కన పడేశారు. ఇప్పుడు ఆర్థిక గణన. ఒకటి ఆలస్యం, రెండోది రద్దు, మూడోది మౌనం. ఇదీ ఆనవాయితీ అంటే. నచ్చని లెక్కను దాచవచ్చని ఒక ప్రభుత్వం చూపిస్తే, ఆ తర్వాతి ప్రభుత్వానికి అడగాల్సిన పనే ఉండదు. రాష్ట్రాలకూ అదే దారి. రేపు ఒక రాష్ట్రం తన సర్వేను తొక్కిపెడితే, ఢిల్లీ దాన్ని ఏ ముఖంతో ప్రశ్నిస్తుంది? కూడికలు తేడాగా ఉన్నాయి కాబట్టి చూపించనని ఊరి సొసైటీ గుమాస్తా అంటే సభ్యులు ఊరుకుంటారా?

నాణ్యత లేదన్న సాకును పరిశోధకుల ముందు పెట్టి చూడండి. ఏ జిల్లాలో ఎంత తేడా ఉంది, ఏ ప్రశ్నకు జవాబులు నమ్మశక్యంగా లేవు, ఏవి వాడుకోవచ్చు అని తేల్చడమే వారి వృత్తి. హైదరాబాద్ అధ్యయనం చేసినవారు తమ లోపాన్ని తామే అచ్చు వేశారు, ఎవరి పరువూ పోలేదు.

మన విశ్వవిద్యాలయాలనూ వదిలేది లేదు. ప్రతి క్యాంపస్‌లో ఔత్సాహిక పారిశ్రామికవేత్తల విభాగం, దానికో గది, గోడకో ఫ్లెక్సీ, ఏడాదికో సదస్సు. వ్యాపారం మీద ఇంత ప్రేమ ఒలకబోసే ఆచార్యులు, ఉపకులపతులు, తమ శాఖలకు ప్రాణాధారమైన లెక్క ఇన్నేళ్లుగా కనబడకపోతే గట్టిగా అడిగిన చప్పుడు మాకు వినిపించలేదు. స్టార్టప్ పోటీలో చెక్కు పట్టుకుని ఫొటో దిగడానికి ఉన్న తీరిక, ఢిల్లీకి ఒక ఉత్తరం రాయడానికి లేకపోయిందా?

ఇప్పుడు ఎనిమిదో గణన మాట వినిపిస్తోంది. మళ్లీ ఫోనులు పట్టుకుని మనుషులు గడప గడపకూ వస్తారు. మిషను ఆపి లేచి రమ్మని ఆ ఇల్లాలిని మళ్లీ అడుగుతారు. అడిగే హక్కు కావాలంటే ముందు ఏడో గణన లెక్కను, లోపాలుంటే లోపాలతోనే, జిల్లాల వారీగా, మూల వివరాలతో సహా బయటపెట్టండి. పేర్లు, చిరునామాలు తీసేసి పెట్టండి. ఈ పార్లమెంటు సమావేశాల్లోపే పెట్టండి. అది ఆమె చెప్పిన జవాబు, మీ సొత్తు కాదు.