చిరిగిపోయిన చివరి పేజీకి బహిరంగ లేఖ

చివరి పేజీ గారికి,

నమస్కారం. 'గారు' అన్నానని ఉబ్బిపోకు. ముప్పై రెండేళ్ళు నీ చుట్టూ తిప్పించుకున్నావు కాబట్టి పిలుపులోనైనా మర్యాద ఉండాలని అలా అన్నాను. ఇక్కణ్ణించి నువ్వే.

మన పరిచయం 1987లో, గుడివాడలో. పరిచయం అనకూడదేమో, ఆ రోజు నువ్వసలు లేవు కదా. మా వీధి చివర అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. ఐదు రూపాయలు డిపాజిట్, రోజుకి పావలా. మధుబాబు రాసే గూఢచారి షాడో నవల కొత్తది వచ్చిందంటే పేరు రాయించుకుని వంతు కోసం ఆగాలి. తీరా ఆగి తెచ్చుకుంటే అది రెండో భాగం అయ్యేది. మొదటి భాగం ఇంకెవరింట్లోనో దిండు కింద ఉండేది. అలా చాలా కథలు నేను షాడో ప్రాణాపాయంలో ఉండగా మొదలుపెట్టి, అసలు అందులోకి ఎందుకెళ్ళాడో తర్వాతి వారం తెలుసుకున్నాను.

కొట్టాయన పుస్తకం రాగానే దళసరి అట్ట వేసి, పక్కన దబ్బనంతో బెజ్జాలు పొడిచి కుట్టేసేవాడు. ఆ కుట్టులోకి ప్రతి లైనులోనూ రెండు మూడు అక్షరాలు పోయేవి. శత్రువుల కోడ్ విప్పడం గూఢచారి పని, మింగిన అక్షరాలు విప్పడం మా పని. ఇక మొదటి పేజీలో మాకంటే ముందు చదివిన పెద్దలు చేసిన సేవ వేరు. 'చంపింది డాక్టరే' అని ఒకాయన రాసేవాడు. 'అబద్ధం, నమ్మకండి' అని కింద ఇంకొకాయన. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ పుస్తకమంతా తిరిగి పట్టుకోవాల్సిన మనిషిని మా ఊరివాళ్ళు బాల్‌పెన్నుతో మొదటి పేజీలోనే పట్టించేవాళ్ళు.

ఇంత జరిగినా మేం చదివాం. అదే మాటకి మళ్ళీ వస్తాను.

ఆ రోజు తెచ్చుకున్న గూఢచారి నవల పేరు చెప్పను. రాసినాయన తప్పేం లేదు. ఓడ అడుగున హీరోని కట్టేశారు. పక్కన బాంబు. నాలుగు నిమిషాలుంది. తలుపు తెరుచుకుంది. లోపలికి వచ్చిన మనిషిని చూసి హీరో నోటమాట రాక నిలబడ్డాడు... పేజీ తిప్పితే అట్ట.

మర్నాడు కొట్టుకెళ్ళి గొడవ పెట్టుకున్నాను. చివరి పేజీ లేని పుస్తకానికి అద్దె ఎందుకివ్వాలన్నాను. "నేనిచ్చినప్పుడు ఉందయ్యా, నీ దగ్గరే పోయింది" అని ఆయన డిపాజిట్లోంచి రెండు రూపాయలు కోసుకున్నాడు. ఆయన అబద్ధాలకోరని అప్పుడే తీర్పు చెప్పేశాను. తర్వాత మా అన్నయ్యని అనుమానించాను, పక్కింటి అబ్బాయిని అనుమానించాను. అమ్మని మాత్రం అనుమానించలేదు. అమ్మ నవలలు చదవదు కదా.

నువ్వు లేకపోయేసరికి నిన్ను నేనే రాసుకున్నాను. పదిహేనేళ్ళప్పుడు ఆ తలుపు తోసుకుని వచ్చింది హీరోయిన్. డిగ్రీ అయి ఖాళీగా ఉన్న రోజుల్లో వచ్చింది పోస్ట్‌మన్, చేతిలో అపాయింట్‌మెంట్ ఆర్డరు. పెళ్ళయిన కొత్తలో ఎవరు వచ్చారో ఈ లేఖ మా అత్తగారు కూడా చదువుతారు కాబట్టి రాయను.

2019లో హైదరాబాదులో, ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో దొరికావు. పుస్తకంతో సహా నలభై రూపాయలు. అట్ట అదే, పిస్తోలు అదే. చేయి వణికింది. అయినా అక్కడే నిన్ను తిప్పి చూడలేదు. ఇంటికొచ్చి, ఫోను పక్కన పడేసి, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను.

నలభై ఏడేళ్ళ వయసులో గూఢచారి నవల మళ్ళీ చదవడం అంటే ఏమిటో నీకు చెప్పాలి. మా హీరో నాలుగు దేశాలు తిరిగాడు, ఒక్క చోట కూడా టీఏ బిల్లు పెట్టలేదు. నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను, నాకు అదే టెన్షన్. మూడు రోజులు నిద్రపోలేదు, అసిడిటీ రాలేదు. పబ్లిక్ ఫోను కోసం వర్షంలో ఆరు వీధులు పరిగెత్తాడు. జేబులో మొబైల్ ఉంటే కథ పదకొండో పేజీలో అయిపోయేది. మైక్రోఫిల్ము కోసం నలుగురు చచ్చారు. ఇప్పుడైతే అదే సమాచారం ఫ్యామిలీ గ్రూపులో గుడ్‌మార్నింగ్ మెసేజ్ కింద వచ్చేస్తుంది. విలన్లు మరీ మర్యాదస్తులు, చంపే ముందు ప్లానంతా వివరంగా చెప్పేవాళ్ళు. మా ఆఫీసులో ఎవరూ అంత వివరంగా చెప్పరు.

నవ్వుకుంటూనే చదివాను. నవ్వుకుంటూనే ఓడ దగ్గరికొచ్చేసరికి కాళ్ళు పైకి లాక్కుని కూర్చున్నాను. బతుకుతాడని తెలుసు. తెలిసినా గుండె ఊరుకోలేదు. అప్పుడు నిన్ను తిప్పాను.

అర పేజీ ఉన్నావు. తలుపు తోసుకుని వచ్చింది హీరో పై ఆఫీసరు. వైరు కోశాడు. "నీ సెలవు రద్దయింది" అన్నాడు. సమాప్తం. మిగతా అర పేజీ రాబోయే నవల ప్రకటన. వెనకవైపు ఖాళీ.

ఇదా నువ్వు? దీనికా నేను కొట్టాయనతో పోట్లాడింది?

నీ గర్వం ఇంకొంచెం దించుతాను, విను. హాస్య సినిమాల దగ్గర నిన్ను పట్టించుకునే నాథుడే లేడు. నీ తోబుట్టువు శుభం కార్డు పడేలోపే జనం సైకిల్ స్టాండులో ఉండేవాళ్ళు. అదే 1987లో జంధ్యాల తీసిన 'అహ నా పెళ్ళంట' చూడు. మాయాబజార్ పాటలోంచి పేరు తీసుకుని, చివరికి ఏమవుతుందో టైటిల్లోనే చెప్పేశారు. ఎవరైనా డబ్బులు వెనక్కిమ్మన్నారా? ఎన్నోసారి చూస్తున్నానో నాకే లెక్క లేదు. కోట శ్రీనివాసరావు కోడిని పైన వేలాడదీసి దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటుంటే, ఆ కోడి రాకముందే నాకు నవ్వొస్తుంది. మా అబ్బాయి "నాన్నా, స్పాయిలర్" అంటాడు. ఒరేయ్, అది స్పాయిలర్ కాదురా, తాలింపు వాసన. కూర తర్వాత వస్తుంది.

'గుండమ్మ కథ' సంగతి ఇంకా విడ్డూరం. మా ఆవిడ దాన్ని ఛాయాదేవి వచ్చి సూర్యకాంతానికి బుద్ధి చెప్పడం మొదలుపెట్టగానే ఆపేస్తుంది. "గుండమ్మ మంచిదైపోతే నేను చూడలేనండి" అంటుంది. 1962 నుంచి అందరికీ తెలిసిన ముగింపు మా ఇంట్లో మాత్రం ఇప్పటిదాకా జరగలేదు. మా గుండమ్మ ఇంకా గయ్యాళే.

అదే మనిషి నవల పట్టుకుంటే ముందు నిన్నే తెరుస్తుంది. ఎవరు పోతారో ఎవరు మిగులుతారో చూసుకుని, అప్పుడు మొదటి పేజీకి వెళ్తుంది. "ఎవరూ పోరని తెలిస్తే మనశ్శాంతిగా భయపడొచ్చు" అంటుంది. పెళ్ళయిన కొత్తలో ఇది చూసి మా కాపురం ఎలా సాగుతుందా అని దిగులుపడ్డాను. ఇప్పుడు ఆ మాట నాకు ఉపనిషత్తులా వినిపిస్తోంది. మనశ్శాంతిగా భయపడటానికే కదా నలభై రూపాయలు పెట్టింది.

ఇంతవరకూ నీ మీద నాకున్నది చిన్న చిరాకే. లేఖ రాసేంత కోపం మొన్న సంక్రాంతికి వచ్చింది.

అమ్మ మా ఇంటికొచ్చింది. అందరం కూర్చుని 'మిస్సమ్మ' పెట్టుకున్నాం. 1955 సినిమా, అమ్మకి మాటలన్నీ కంఠతా వచ్చు. అక్కినేని అందులో డిటెక్టివ్ రాజు. చిన్నప్పుడు తప్పిపోయిన మహాలక్ష్మి కోసం వెతుకుతుంటాడు. ఆ మహాలక్ష్మి, అంటే సావిత్రి, వాళ్ళింట్లోనే ఉంటుంది. హాల్లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు, డిటెక్టివ్‌కి తప్ప. మనవాళ్ళు గూఢచారిని గుండెలమీద పెట్టుకుంటారు గానీ డిటెక్టివ్‌ని చూస్తే నవ్వేస్తారు. చంటబ్బాయిలో చిరంజీవికి జేమ్స్ పాండ్ అని పేరు పెట్టి మరీ నవ్వారు.

నేనూ పగలబడి నవ్వుతూ, "ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతకడం ఏంట్రా బాబూ" అన్నాను. ఆ ఊపులో మా అబ్బాయికి నీ కథ చెప్పాను. ఓడ, బాంబు, తలుపు, అట్ట.

అమ్మ టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే అంది: "అదా? పాల లెక్కకి కాయితం దొరక్కపోతే నేనే చింపానురా. వెనక ఖాళీగా ఉంది. కథ కూడా అయిపోయింది కదా."

వంటింట్లో గోడకి ఇనప ఊచ ఉండేది, కరెంటు బిల్లులు, రేషను చీటీలు గుచ్చేవాళ్ళం. అందులో ఉన్నావు నువ్వు. నేను రోజూ మూడు పూటలా దాని కింద పీట వేసుకుని అన్నం తిన్నాను.

"ముందువైపు ఏముందో చూశావా?" అన్నాను, గొంతు పెగుల్చుకుని.

"చూశాను. ఎవరో ఆఫీసరు సెలవు రద్దు చేశాడు. మీ నాన్న ఆఫీసులోనూ అంతే చేసేవాళ్ళు. కొంచెం సౌండు పెంచు."

ఇట్లు,
నిన్ను నెత్తిమీద పెట్టుకుని ఊరంతా వెతికిన
డిటెక్టివ్

తా.క.: ఆ నెల పాలమనిషికి రెండు రూపాయల డెబ్బై పైసలు బాకీ పడ్డామట. అదీ నీ మీదే రాసి ఉందని అమ్మ చెప్పింది.