డిక్కీలో పండుకున్న బ్యాండ్

యాసంగి వడ్లు దిగే రోజుల్లో మిర్యాలగూడ బాయిల్డ్ రైస్ మిల్లుల్లో రాత్రి, పగలు తేడా ఉండదు. మా మేనమామ అట్లాంటి ఒక మిల్లులో డ్రయ్యర్ దగ్గర పనిచేస్తాడు. బీపీ మనిషని, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు ఆయనకు ఫిట్‌నెస్ బ్యాండ్ కొనిచ్చాడు. దుమ్ముకూ చెమటకూ మణికట్టు దురద పెడుతుందని మామ డ్యూటీ ఎక్కగానే దాన్ని విప్పి స్కూటర్ డిక్కీలో పడేస్తాడు. ఒకరోజు పొద్దున ఫోన్ నా ముందు పెట్టాడు. నిద్ర 7 గంటల 12 నిమిషాలట. అందులో గంటన్నర గాఢనిద్ర.

"ఏందల్లుడా, నేను డ్రయ్యర్ కాడ నిలబడ్డ, ఇది డిక్కీల పండుకున్నదా?"

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ అదే లెక్క కొడుకు ఫోన్‌లోనూ కనబడుతుంది. నాయన కడుపునిండా నిద్రపోతున్నాడని అతను నిశ్చింతగా ఉన్నాడు.

బ్యాండ్‌కు నిద్ర తెలియదు, కదలిక తెలుసు. లోపలుండే యాక్సిలరోమీటర్ చేయి ఎంత కదిలిందో చూస్తుంది. చాలాసేపు కదలకపోతే, అందులోనూ రాత్రివేళైతే, నిద్ర కింద జమకట్టేస్తుంది. డిక్కీలో పడున్న వస్తువు కంటే కదలకుండా ఎవరు పడుకోగలరు? మరి గుండె స్పందన చూస్తుంది కదా అంటారా? వెనకవైపు వెలిగే పచ్చ లైటు చర్మంలోకి పోతుంది. రక్తం దాన్ని కొంత పీల్చుకుంటుంది, తిరిగొచ్చే వెలుతురులోని హెచ్చుతగ్గులను బట్టి బ్యాండ్ నాడి లెక్కిస్తుంది. ఆ వెలుతురు గుడ్డ మీద పడి తిరిగొచ్చినా ఒక్కోసారి అందులోనూ ఏదో లయ వెతుక్కుంటుంది. కొన్నేళ్ల కిందట చైనాలో జనం టాయిలెట్ పేపర్ చుట్టకు బ్యాండ్ తొడిగితే దానికీ గుండె కొట్టుకుంటున్నట్టు చూపించింది. చేతికి ఉందో లేదో కనిపెట్టే ఏర్పాటు కొన్నింటిలో ఉంటుంది, అదీ మోసపోతుంది.

నిద్రను నిజంగా కొలవాలంటే పాలిసోమ్నోగ్రఫీ చేయాలి. తలకు, కళ్ల పక్కన, గడ్డానికి వైర్లు అతికించి రాత్రంతా చూస్తారు. డాక్టర్లు మణికట్టు యంత్రాన్ని కూడా వాడతారు, కాకపోతే దాంతోపాటు ఒక డైరీ ఇస్తారు. ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు, ఎప్పుడు విప్పి పక్కన పెట్టారు, అన్నీ రాయమంటారు. విప్పిన గంటలను లెక్కలోంచి తీసేస్తారు. మనం కొనుక్కునే బ్యాండ్ ఆ ఒక్క ప్రశ్నా అడగదు. నా అభ్యంతరం అక్కడే. తప్పు చూపినందుకు కాదు, 'ఈ రాత్రి సంగతి నాకు తెలియదు' అని చెప్పనందుకు. ఖాళీ గడి కనబడితే కొన్నవాడు వస్తువు పాడైందనుకుంటాడని కంపెనీల భయం కావచ్చు. అందుకే ఏదో ఒక అంకె నింపి, వైద్యపరికరం కాదన్న మాట మాత్రం చిన్నక్షరాల్లో పెడతారు.

ఒక్క రాత్రి తప్పయితే పోనీ అనుకోవచ్చు. సగటు దగ్గర అసలు చిక్కు. వారంలో 5 రాత్రులు మనిషి 5 గంటల చొప్పున పడుకుని, మిగతా 2 రాత్రులు డ్యూటీలో ఉంటే, బ్యాండ్ 8 గంటల చొప్పున 'పడుకుంటే' సగటు 5 గంటల 51 నిమిషాలకు వస్తుంది. కంటిమీద కునుకు లేని రాత్రులే సగటును పెంచాయన్నమాట! నైట్ డ్యూటీ మనిషి పగలు తీసే కునుకును కొన్ని బ్యాండ్లు సరిగ్గా పట్టుకోవు కూడా. వీటిని తయారుచేసినవాళ్ల ఊహలో అందరూ రాత్రి పదింటికి పక్క ఎక్కేవాళ్లే. మిల్లు హమాలీ, ఆసుపత్రి నర్సు, రాత్రి కరెంటుకు మోటరు పెట్టబోయే రైతు ఆ ఊహలో లేరు.

నిద్ర అంకెలు బాగా రావడం లేదని బెంగపెట్టుకుని ఉన్న నిద్ర పోగొట్టుకునేవాళ్ల గురించి 2017లో అమెరికా పరిశోధకులు రాశారు. దానికి ఆర్థోసోమ్నియా అని పేరు పెట్టారు. మామ ఇంట్లో జరిగింది దానికి తలకిందులు. ఇక్కడ అంకె బాగుంది, మనిషి బాగాలేడు.

యాప్‌లో తప్పు నిద్రను చెరిపేసే బటన్ వెతకడానికి నాకే పది నిమిషాలు పట్టింది. మామకు అదంతా చెప్పలేక, డిక్కీలో వేసేముందు బ్యాండ్ స్విచాఫ్ చేయడం నేర్పాను. ఇప్పుడు డ్యూటీ రాత్రులు ఖాళీగా కనబడుతున్నాయి. ఖాళీ కనబడిన పొద్దున కొడుకు ఫోన్ చేస్తున్నాడు, "నాయనా, రాత్రి పండుకోలేదా?" అని.