వంటింటి సరుకులతో వసంతపు తోట: ఆ సందేశంలో నిలిచేది ఎంత?

ఇంట్లో కూర్చునే వసంతకాలపు తోట పనులన్నీ ముగించుకోవచ్చంటూ ఒక సందేశం ఫోన్లలో చక్కర్లు కొడుతోంది. కుండీల అడుగున గులకరాళ్లు పరచమంటుంది. మొక్కల మొదట్లో గుడ్డు పెంకులు, ఎప్సమ్ సాల్ట్, కాఫీ పిప్పి వేయమంటుంది. మిట్టమధ్యాహ్నం నీళ్లు పోస్తే ఆకులు మాడిపోతాయట. చివరగా, మొక్కలన్నిటినీ ఒకే రోజు కత్తిరించి గాయాలకు పూత పూయాలట. గడప దాటకుండా తోట చూసుకోవడం మంచి ఆలోచనే. చెప్పిన పనులతోనే చిక్కు.

"గులకరాళ్లు వేస్తే నీరు బాగా దిగుతుంది." దిగదు. మట్టి తన సన్నని రంధ్రాల్లో నీటిని పట్టి ఉంచుతుంది. కింద పెద్ద ఖాళీలున్న రాళ్ల పొర ఉంటే, పైనున్న మట్టి బాగా నానేవరకు నీరు అందులోకి జారదు. దాంతో కుండీ అడుగున ఉండాల్సిన తడి ముద్ద రాళ్ల ఎత్తు మేరకు పైకి, వేర్ల దగ్గరికి చేరుతుంది. నమ్మకం కుదరకపోతే ఒక స్పాంజిని తడిపి అడ్డంగా పట్టుకోండి. చుక్కలు ఆగాక నిలువుగా తిప్పండి, మళ్లీ కారుతుంది. నీరు దిగడానికి కావలసింది మట్టి ఎత్తు, రాళ్లు దాన్నే తగ్గిస్తాయి. కుండీకి రంధ్రం ఉంచి, పైనుంచి కిందిదాకా ఒకే మిశ్రమం నింపండి. మట్టి జారిపోతుందనుకుంటే రంధ్రం మీద చిన్న జాలీ ముక్క చాలు.

"టమాటా కాయ అడుగు నల్లబడకుండా గుడ్డు పెంకులు, ఎప్సమ్ సాల్ట్ వేయండి." ఈ రెండింటినీ జంటగా చెప్పడమే విడ్డూరం. పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బనేట్. ఆమ్లగుణం లేని మట్టిలో అది కరగడానికి ఏళ్లు పడుతుంది, ఇప్పుడు నలిపి వేసినది ఈ పంటకు అందదు. అసలు చాలాసార్లు మట్టిలో కాల్షియానికి కొరతే ఉండదు. అది నీటితో పాటే వేరు నుంచి పైకి పోతుంది, ఆకులు ఎక్కువ నీటిని ఆవిరి చేస్తాయి కాబట్టి ఎక్కువ వాటా వాటికే పోతుంది. మొక్కను నాలుగు రోజులు ఎండగట్టి ఐదో రోజు ముంచెత్తితే నష్టపోయేది కాయే. తడి నిలకడగా ఉండేలా చూడటమే దీనికి మందు. ఇక ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్, అందులో నత్రజని, భాస్వరం, పొటాషియం ఏవీ లేవు. మెగ్నీషియం చాలినంత ఉన్న మట్టిలో ఇంకా పోస్తే, వేరు కాల్షియాన్ని తీసుకోకుండా అది పోటీకి వస్తుంది. తగ్గిస్తుందన్న జబ్బునే ఈ వైద్యం పెంచగలదు!

కాఫీ పిప్పి మట్టిని పుల్లబరుస్తుందన్న మాటకూ బలం లేదు. ఆమ్లం చాలావరకు కాఫీలోకే దిగిపోతుంది. పిప్పిని మందంగా పరిస్తే అట్టకట్టి నీటిని లోపలికి పోనివ్వదు, మొలకలను అణచనూవచ్చు. కంపోస్టులో కలపడం మేలు.

నీటి చుక్కలు భూతద్దాల్లా ఆకులను కాలుస్తాయన్న దాన్ని హంగరీ పరిశోధకులు పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. నున్నని ఆకుల మీద చుక్కలు మచ్చ కూడా వేయలేదు. చుక్కను ఆకుకు అంటనివ్వకుండా ఎత్తిపట్టే నూగు ఉన్న ఆకులకే కొంత అవకాశం ఉందని తేలింది. ఉదయం పోస్తే నీరు తక్కువ ఆవిరవుతుంది, నిజమే. కానీ మట్టి ఎండి మధ్యాహ్నం వాడిపోతున్న మొక్కను సాయంత్రం దాకా ఆపడం క్రూరత్వం.

అన్నిటికన్నా నష్టం చేసే సలహా ఆ ఒక్కరోజు కత్తిరింపు. వసంతంలో పూసే పొదలు చాలావరకు నిరుటి కొమ్మల మీదే మొగ్గలు సిద్ధం చేసుకుని ఉంటాయి. ఇప్పుడు కోస్తే పోయేది ఈ ఏటి పూలే, పూత ముగిశాక కత్తిరించాలి. కొత్త కొమ్మల మీద వేసవిలో పూసేవాటిని చిగురు తొడగకముందే కత్తిరించవచ్చు. ఏది ఏ రకమో తెలియకపోతే ఈ ఏడాది వదిలేసి, ఎప్పుడు పూస్తుందో గమనించండి. ఎండిన, విరిగిన కొమ్మలకు మాత్రం ఈ నియమం లేదు.

గాయానికి పూత కూడా వృథా శ్రమే. చెట్టు దెబ్బతిన్న కణజాలాన్ని మాన్చుకోదు, దాని చుట్టూ అడ్డుగోడ కట్టుకుని పక్కన కొత్త కలప పెంచుకుంటుంది. అమెరికా అటవీ సేవా సంస్థలో పనిచేసిన అలెక్స్ షిగో చెట్లను నిలువునా కోసి లోపలి కుళ్లును పరిశీలించి ఈ సంగతి వివరించాడు. పూతలు కుళ్లును ఆపవని కూడా చెప్పాడు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా కనిపించే వలయాన్ని వదిలి, దానికి కాస్త ఆవలగా పదునైన కత్తెరతో కోయండి. మిగతాది చెట్టు చూసుకుంటుంది.