భయపడిన రోజు కూడా మారిపోతుంది

బాగా భయపడిన రోజు మనసులో ఫొటోలా అచ్చుపడిపోతుందని ఒక వ్యాసంలో చదివాను. నేనూ అలాగే నమ్మేదాన్ని. 2015 డిసెంబర్ 1 రాత్రి చెన్నైలో అడయార్ నది పొంగినప్పుడు మేం సైదాపేటలో ఉన్నాం. అమ్మను మేడ మీదికి ఎక్కించింది నేనేనని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. మొన్న సంక్రాంతికి తమ్ముడు ఆ వారంలోనే పిన్నికి పంపిన వాట్సాప్ మెసేజ్ చూపించాడు. అమ్మను ఎత్తుకెళ్లింది వాడు. నేను అప్పటికే పైన, పక్కింటి పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నానట. ఆ మెట్ల మీది తడి మాత్రం నా కాళ్లకు ఇప్పటికీ తెలుస్తూనే ఉంది!

1986లో ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిన మర్నాడే, ఆ వార్త ఎలా తెలిసిందో మనస్తత్వ శాస్త్రవేత్త ఉల్రిక్ నైసర్ తన విద్యార్థులతో రాయించాడు. రెండున్నరేళ్ల తర్వాత 44 మందిని మళ్లీ అడిగితే, వారిలో నాలుగో వంతు మంది చెప్పింది మొదటి కాగితంతో అస్సలు కలవలేదు. అయినా చాలామంది గట్టి నమ్మకంతో చెప్పారు. గుర్తు చేసుకున్న ప్రతిసారీ మెదడు ఆ సంగతిని మళ్లీ అల్లుతుంది, తర్వాత విన్నవీ ఊహించుకున్నవీ అందులో కలిసిపోతాయి. అమ్మకు 78 ఏళ్లు. ఆ రాత్రి గురించి ఆవిడ చెప్పేది ఈ వారమే రాసి పెడుతున్నాను.