సపోర్టుకు తెలుగు మాట లేదనడం తప్పు

"సపోర్టు అనే ఇంగ్లీషు మాటకు తెలుగులో ఉన్నది మద్దతు ఒక్కటే. అదీ అరువు మాటే. తక్కిన చోట్లంతా సపోర్టు అనక తప్పదు. ఇంగ్లీషులో సపోర్ట్, హెల్ప్, బ్యాకప్ అన్నీ ఒకటే, ఏది వాడినా చెల్లుతుంది." ఈ సందేశం ఫోన్లలో చేతులు మారుతూనే ఉంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు దీన్ని నమ్మితే రెండు భాషల్లోనూ నష్టపోతారు.

ముందు నిజమైన ముక్క ఒప్పుకుందాం. మద్దతు అరువు మాటే. ఉర్దూ మదద్ నుంచి వచ్చింది. అయితే అది మన నోళ్లలో ఎన్నో తరాలు నలిగి మనదైపోయింది.

ఇక "ఒక్కటే" అన్న మాట. పులివెందుల వైపు అరటి తోటలోకి వెళ్లి చూడండి. అరటి బోదెలో కలప ఉండదు, అవి ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న ఆకు తొడుగులు. ఇరవై, ముప్పై కిలోల గెల ఒక పక్కకు వేలాడితే బోదె అటే వాలుతుంది. ఎండాకాలం ఈదురుగాలి తోడైతే మధ్యలో విరుగుతుంది. అందుకే రెండు వెదురు బొంగులను పైన కత్తెరలా కట్టి, వాలిన వైపు నుంచి బోదె మెడ కింద ఆనిస్తారు. ఎదురు వైపు పెడితే ఉపయోగం లేదు. బొంగు గెలకు తగిలితే కాయ తోలు మీద మచ్చ పడి ధర పడిపోతుంది. ఈ పనికి మాట ఊతం. ఊనడం నుంచి పుట్టింది. ముసలాయన చేతిలో ఉన్నది ఊతకర్ర అయినట్టే, చెట్టుకు పెట్టేదీ ఊతమే.

ఇంగ్లీషు సపోర్ట్‌కు మూలమైన లాటిన్ మాటకు అర్థం 'కింద నుంచి మోయడం'. ఆ ఒక్క మాటే ఇప్పుడు అన్ని దిక్కులకూ పనిచేస్తోంది. తెలుగు అలా ఊరుకోదు, బలం ఎటు నుంచి వస్తోందని అడుగుతుంది. కాలు నిలవడానికైతే ఊతం. పక్కన మనిషి నిలిస్తే అండ. వెనక నుంచి వస్తే దన్ను, అందుకే వెన్నుదన్ను అన్నారు. పనిలో చెయ్యి కలిపితే చేదోడు. వేరే దిక్కు లేనివాడు పట్టుకునేది ఆసరా. తన మీద ఆధారపడి బతికే ఇంటిని నడపడం సాకడం, పోషించడం. మాటకు రుజువు చూపితే ఆధారం. దరఖాస్తుకు జతచేసే కాగితాలు కూడా ఆధారాలే, 'సపోర్టింగ్ డాక్యుమెంట్లు' అనే అవసరం లేదు.

న్యాయం, అన్యాయం కూడా మాటలోనే తెలుస్తాయి. "వానికి సపోర్టు చేయొద్దు" అంటే వాడు మంచోడో చెడ్డోడో తెలియదు. అదే అన్న తమ్మునితో "తప్పు చేసినోన్ని ఎందుకురా వెనకేసుకొస్తావు?" అంటే సగం తగాదా అక్కడే అర్థమవుతుంది. వత్తాసు పలకడం, కొమ్ము కాయడం కూడా ఆ కోవలోవే. ఇవి మెచ్చుకోలు మాటలు కావు, సన్మాన పత్రంలో రాయకండి.

మద్దతుకు తన చోటు తనకుంది: ఓటు, ఉద్యమం, ధర. కేంద్రం 2025–26కు వేరుశనగ కనీస మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలుగా ప్రకటించింది. దీన్ని గిట్టుబాటు ధర అని రాసేవాళ్లున్నారు. గిట్టుబాటు అంటే ఖర్చులు పోను రైతుకు మిగలాలి. మద్దతు ధర దక్కినా గిట్టుబాటు కాకపోవచ్చు. వేరుశనగ వేసే అనంతపురం రైతుకు ఈ తేడా చెప్పాల్సిన పని లేదు, రాసేవాళ్లకే చెప్పాలి.

"ఇంగ్లీషులో అన్నీ ఒకటే" అన్నది ఇంకా పెద్ద తప్పు. హెల్ప్ ఒక పనితో ముగిసిపోవచ్చు: మూట ఎత్తిపెట్టడం హెల్ప్. చదువు అయ్యేదాకా ఫీజు కట్టడం సపోర్ట్. బ్యాకప్ అంటే పోతే వాడుకోవడానికి దాచిన రెండో ప్రతి, లేదా అదనపు బలగం. ప్రాప్ అంటే కర్ర, స్లాబు కింద నిలిపే ఇనుప జాకీ లాంటి ఊతం. అదే ప్రాప్‌కు అప్ చేర్చి ప్రభుత్వం గురించి అంటే, పడిపోయేదాన్ని బలవంతాన నిలబెడుతున్నారన్న ఎత్తిపొడుపు వస్తుంది. సభలో తీర్మానాన్ని ఒకరు ప్రతిపాదిస్తే ఇంకొకరు బలపరుస్తారు. దానికి ఇంగ్లీషులో సెకండ్ అనాలి, సపోర్ట్ అంటే ఆ అర్థం రాదు.

మనవాళ్లు ఎక్కువగా జారేది ఇంకోచోట. 'నీకు మద్దతు' అనే అలవాటుతో 'ఐ సపోర్ట్ టు యూ' అంటారు. క్రియగా వాడినప్పుడు మధ్యలో టు రాదు, 'ఐ సపోర్ట్ యూ' అంతే. నామవాచకమైతే 'మై సపోర్ట్ ఫర్ ద ప్లాన్', 'ఇన్ సపోర్ట్ ఆఫ్'. గివ్ చేర్చి 'గివ్ సపోర్ట్ టు' అంటే తప్పు లేదు, అక్కడ టు గివ్ వల్ల వస్తుంది.

ఫోన్ సంగతి కూడా చూద్దాం. "ఈ ఫోన్ ఆ యాప్‌ను సపోర్ట్ చేయదు" అనేదాన్ని "ఈ ఫోన్లో ఆ యాప్ పనిచేయదు" అంటే సరిపోతుంది. కంపెనీ వాళ్ల కస్టమర్ సపోర్ట్ నంబరును మాత్రం ఆ పేరుతోనే పిలవండి, తెర మీద అదే రాసి ఉంటుంది కాబట్టి వెతికేవాళ్లకు దొరకాలి.