ఒక శత్రువును ఇప్పించమని జెట్టీ జిమ్ గారికి విన్నపం

మహారాజశ్రీ జెట్టీ జిమ్ గారి సముఖానికి,

అండమాన్‌లోని షహీద్ ద్వీప్ నివాసి, ఫోన్‌లో ఆడే పోకెమాన్ గో ఆటలో మీ నీలి జట్టు సేవకుడు నమస్కరించి వ్రాసుకొన్న విన్నపం. మా ప్రాణులను కాపలా పెట్టుకొని, ఎదుటి జట్టువాడు వచ్చి ఓడించేదాకా ఉంచుకొనే ఆటలోని జిమ్ మీరు. ఉభయ కుశలోపరి. మీ దగ్గర 143 రోజులు కాపలా కాసిన బ్లిస్సీ అనే నా ప్రాణి నిన్న మధ్యాహ్నం స్పృహ లేకుండా ఇల్లు చేరింది. రివైవ్ అనే మందు ఇచ్చాక లేచి కూర్చుంది. దాని చేత మీరు పంపిన 50 నాణేలు అందినవి. అదే మధ్యాహ్నం, గంటన్నర తేడాలో, మీ తమ్ముడు మార్కెట్ జిమ్ గారు 97 రోజులుగా తన దగ్గరున్న స్నోర్లాక్స్‌ను, మీ చిన్న తమ్ముడు రాతి వంతెన జిమ్ గారు 61 రోజులుగా తన దగ్గరున్న మెటాగ్రాస్‌ను పంపించివేశారు. వాటి చేతుల్లో మాత్రం ఏమీ పెట్టలేదు. ఒక మనిషికి ఒక రోజులో 50 నాణేలు దాటి ఇవ్వడం మీ ఇంటా వంటా లేదు. ఆ 50 బ్లిస్సీయే తెచ్చేసింది కాబట్టి తక్కిన ఇద్దరూ ఉత్త చేతులతో వచ్చారు.

నేను ఇక్కడ ఒక చిన్న అతిథిగృహంలో లెక్కలు వ్రాసి బతికేవాణ్ణి. మీ లెక్క ఎక్కడో తప్పి ఉంటుందన్న నమ్మకంతో నిన్న రాత్రి ఆఫీసు పుస్తకంలోనే వెనుక పేజీ తీసి పద్దు కట్టాను. పది నిమిషాలకు ఒక నాణెం చొప్పున గంటకు 6, రోజుకు 144. బ్లిస్సీకి రావలసినది 20,592. స్నోర్లాక్స్‌కు 13,968. మెటాగ్రాస్‌కు 8,784. వెరసి 43,344 నాణేలు. చెల్లించినది 50. మీ రోజువారీ పరిమితిని శిరసావహించి, ముగ్గురినీ ఒక్కరిగా లెక్కకట్టినా 143 రోజులకు 7,150 రావాలి. మీరిచ్చిన 50 నాణేలు 8 గంటల 20 నిమిషాల కాపలాకు సరిపడే కూలి. అంటే మొదటి రోజు ఉదయం టిఫిన్ వేళకు కాపలాకు కూర్చున్న బ్లిస్సీకి, ఆ సాయంత్రం మా దీవిలో పొద్దు వాలకముందే జీతం ఆగిపోయింది. మాకు ఏడాది పొడుగునా ఆరు లోపే పొద్దు గుంకుతుందని మీకు తెలియనిది కాదు. మిగిలిన 142 రోజులూ వెట్టిచాకిరీ. వచ్చిన 50తో రెయిడ్ అనే గుంపు పోరుకు పాస్ కొందామంటే దాని ఖరీదు 100. సగం పాస్ అమ్మే దుకాణం ఇంకా తెరవలేదు.

ఈ కష్టం నగరంలో ఉన్నవాళ్ళకు చెప్పినా అర్థం కాదు. హైదరాబాదులో ఉదయం జిమ్‌లో పెట్టిన ప్రాణిని సాయంత్రం టీ తాగే లోపల ఎవడో ఒకడు తన్ని తరిమేస్తాడు, నాణేలు వాటంతటవే వచ్చి పడతాయి. కూర్చున్నంత కాలం జీతం పద్దులో మాత్రమే ఉంటుందనీ, ఓడిపోయి ఇంటికి వస్తేనే చేతికి అందుతుందనీ మీరు పెట్టిన నియమం వాళ్ళకు నియమంలాగే కనిపించదు. మా దీవిలో ఉన్నది మూడు వేల పైచిలుకు జనం, చుట్టూ సముద్రం. మా ఊళ్ళ పేర్లు చూడండి: రామ్‌నగర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్, సీతాపూర్. రాముడి పరివారమంతా కొలువు తీరి ఉంది. ఒక్క రావణుడు లేక నా రామాయణం బాలకాండ దాటడం లేదు.

మీ వంశంలో మొదటి నుండీ ఇంత కాఠిన్యం లేదన్న సంగతి కూడా మనవి చేసుకోవాలి. 2017 జూన్‌కు ముందు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండగా, జిమ్‌కు 10 చొప్పున 21 గంటలకు ఒకసారి ఒక మీట నొక్కి నాణేలు తీసుకొనే వీలుండేది. ఆ లెక్కన మూడు జిమ్‌లకు రోజుకు 30 వచ్చేవి. అది గొప్ప సంపద కాకపోయినా, నెల తిరిగేసరికి చేతిలో ఆడేది. తర్వాత జిమ్‌లు చేతులు మారుతూ ఉండాలని నియమం మార్చారు. బాగుంది. చేతులు మారడానికి రెండో చెయ్యి ఉండాలన్న సంగతి ఆ నియమం వ్రాసినవారికి తోచినట్టు లేదు. 2018 డిసెంబరు 30న మా నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది, 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది, ఇక్కడ మారనిది మీ నియమం ఒక్కటే.

రెండో చేతి కోసం నేను చేయని ప్రయత్నం లేదు. కూరగాయల దుకాణం బెంగాలీ ఆయన కొడుకు, తొమ్మిదో తరగతి కుర్రవాడు, నా ఫోన్ చూసి చూసి తానూ ఆట మొదలుపెట్టాడు. వాడు ఐదో లెవెల్ చేరి జట్టు ఎంచుకొనే రోజు కోసం నేను ఆడపిల్ల తండ్రి సంబంధం కోసం చూసినట్టు చూశాను. ఆ రోజు నేను లేకుండా చూసి, నాకు సంతోషం కలిగించాలని, వాడు నీలి జట్టులో చేరిపోయాడు. "దాదా, మీ రంగే తీసుకున్నా!" అని పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పినప్పుడు ఆ ముఖం చూసి ఏమనగలను? వీపు తట్టి, కొబ్బరి బిస్కట్ల పొట్లం కొనిపెట్టాను. జట్టు మార్చే మెడల్ ఒకటి ఉంది, దాని ఖరీదు 1,000 నాణేలు. మెడల్ కొనాలంటే నాణేలు కావాలి, నాణేలు రావాలంటే శత్రువు కావాలి, శత్రువు పుట్టాలంటే మెడల్ కొనాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు. చివరికి వాడు మీ దగ్గర నా బ్లిస్సీ పక్కనే, పోరుకు పనికిరాని చేప అయిన తన మాజికార్ప్‌ను తెచ్చి కూర్చోబెట్టాడు. నిన్న అది కూడా ఓడి ఇంటికి వెళ్ళింది. తొమ్మిది రోజుల మాజికార్ప్‌కూ 50 నాణేలే ముట్టాయి. వాడు చాలా సంతోషంగా ఉన్నాడు.

తక్కిన కష్టాలను నేను ఎత్తిచూపడం లేదు. ఐదు నక్షత్రాల రెయిడ్‌కు గుంపు కావాలి, నేను ఒక్కణ్ణే గుంపు. దూరం నుండి ఎవరినైనా కలుపుకుందామంటే రిమోట్ పాస్ 195. వాన పడితే సిగ్నల్ ఉండదు. 2020 ఆగస్టు 10న చెన్నై నుండి అండమాన్‌కు సముద్రగర్భ కేబుల్ ప్రారంభించినప్పుడు చదివిన దీవుల జాబితాలో పక్కనున్న స్వరాజ్ ద్వీప్ పేరు ఉంది, మా పేరు లేదు. అయినా మేము పల్లెత్తు మాట అనలేదు.

నిన్నటి సంగతికి వస్తాను. మధ్యాహ్నం ఒంటిగంటా నలభై ఐదుకు కొబ్బరిబోండాల బిల్లు సరిచూస్తుండగా ఫోన్ మోగింది: బ్లిస్సీ తిరిగి వచ్చింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. 143 రోజుల తర్వాత దీవిలో ఒక ఎర్ర జట్టువాడు కాలు పెట్టాడు! మరుక్షణమే గుండె జారింది. వాడు ఇవాళే మిగతా రెండూ కూడా కొడితే? స్కూటర్ తీసుకొని మార్కెట్‌కు చేరేసరికి స్నోర్లాక్స్ కూలిపోతోంది. వేపచెట్టు కింద అద్దె స్కూటర్ మీద ఒకాయన, వంచిన తల ఎత్తకుండా, బొటనవేలితో తెర మీద టకటకా పొడుస్తున్నాడు. పక్కన చంటిపిల్లతో ఉన్న భార్యకు "ఇదొక్కటీ అయిపోతే వచ్చేస్తా" అన్న మాట తెలుగులో వినిపించింది. రావణుడిది కాకినాడట.

"ఏవండీ, ఆ స్నోర్లాక్స్ నాదండీ" అన్నాను.

"అయ్యో, సారీ అండీ. చాలా రోజులుగా ఉన్నట్టుంది పాపం."

"కొట్టినందుకు బాధ లేదండీ. రాతి వంతెన దగ్గర ఇంకొకటి ఉంది, అది మాత్రం రేపు కొట్టండి."

"రేపెక్కడండీ, నాలుగున్నరకు మా ఫెర్రీ."

అప్పుడు మీ నియమమంతా ఆయనకు వివరించి చెప్పాను. శ్రద్ధగా విని, "మా ఊళ్ళో రోజూ ఎలాగూ యాభై వచ్చేస్తాయండీ, ఎప్పుడూ లెక్క చూసుకోలేదు" అన్నాడు. మూడోదాని జోలికి పోనని పిల్ల తల మీద చెయ్యి పెట్టినంత పని చేశాడు. మూడుంపావుకు మెటాగ్రాస్ ఇంటికి వచ్చింది. జెట్టీ దగ్గర వీడ్కోలు చెప్పడానికి వెళితే ఆయన ముఖం చిన్నబుచ్చుకొని, "ఆటు వేళ కదా, మా ఆవిడ ఆ రాళ్ళ మీదికి దిగి ఒకటే ఫోటోలు. ఊరికే నిలబడలేకపోయానండీ" అన్నాడు.

ఆయనను నేను ఏమీ అనను. నిన్ను అంటాను. నూట నలభై మూడు రోజులు ఎండనక వాననక నీ గడప దగ్గర ఒక ప్రాణిని నిలబెట్టి, దాని ఉత్సాహం తగ్గినప్పుడల్లా నేను రాత్రి భోజనం వదిలి వచ్చి బెర్రీలు తినిపిస్తుంటే, ఒక్క రోజైనా "ఇదిగో నీ కూలి" అని అనలేదే నువ్వు! నాకు బంగారు బ్యాడ్జ్ ఒకటి ఇచ్చావు. అది పెట్టుకొని నేనేం చేసుకోను, పోపులో వేసుకోనా? గెలిచినవాడికి కూలి లేదు, ఓడినవాడికే కూలి, అదీ ఒకేసారి ముగ్గురు ఓడితే ఇద్దరికి ఎగనామం! మా ఊళ్ళో బియ్యం కొట్టువాడు కూడా ఇంత సిగ్గులేని లెక్క చెప్పడు. ఈ నియమం వ్రాసినవాడు చుట్టూ నీళ్ళున్న చోట ఒక్క వారం బతికాడా?

క్షమించాలి. మీరు పెద్దవారు.

నిన్న రాత్రి ఆ కోపంలోనే, ఆయన మీ ముగ్గురి దగ్గరా దింపి వెళ్ళిన ఎర్ర జట్టు ప్రాణులను ఒక్క ఊపున తరిమేద్దామని స్కూటర్ తాళం తీశాను. తాళం తిప్పాక లెక్క గుర్తొచ్చింది. మూడింటినీ ఒకే రాత్రి తరిమితే ఆయనకూ అదే 50 వస్తుంది, రెండు ప్రాణులు ఉత్త చేతులతో కాకినాడ చేరతాయి. తాళం తీసి జేబులో వేసుకున్నాను. ఇవాళ ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చి మీ దగ్గరున్న ఆయన గైరడాస్‌ను ఒక్కదాన్నే పంపించాను. రాత్రంతా కూర్చుంది కాబట్టి నిండు 50 వెళ్ళి ఉంటాయి. రేపు మార్కెట్, ఎల్లుండి రాతి వంతెన. కూరగాయల కుర్రవాడికి కూడా ఈ వరస చెప్పి, రెండు రోజులు ఆ రెండింటినీ ముట్టుకోవద్దని ఒట్టు వేయించుకున్నాను. ఆయనకు ఈ ఏర్పాటు సంగతి తెలియదు, ఆటలో చెప్పే దారి లేదు. ఫెర్రీ ఎక్కే ముందు స్నేహితుల జాబితాలో చేర్చుకున్నాడు, అంతే.

మధ్యాహ్నం ఆయన నుండి ఒక బహుమతి వచ్చింది. రెండు రివైవ్‌లు, మూడు బంతులు, పైన సెల్యులార్ జైలు ఫోటో. అప్పటికే బ్లిస్సీని మళ్ళీ మీ దగ్గర కూర్చోబెట్టి ఉన్నాను. ఆ ఫోటో దానికి చూపించలేదు.

ఇట్లు,
రావలసిన బాకీ 43,294 నాణేలుగా వ్రాసుకొన్న
మీ విధేయుడు